నాట్ రెస్పాండింగ్ అట

"సేవ్ చేసుకోలేదా?"

టైప్ చేసింది పోయిందని చెప్పీ చెప్పగానే ఈ ఇంట్లో ఎవరి నోటి నుంచైనా ముందు వచ్చే మాట ఇదే. ఇవాళ వంతు ఈయనది. కాలు విరిగి కూర్చున్నవాణ్ణి చూసుకుని నడవొద్దూ అన్నట్టు ఉంటుంది నాకు.

అసలు సేవ్ చేస్తుండగానే కదా నేను టైప్ చేసే వర్డ్ బిగుసుకుపోయింది! పెద్దమ్మ తన ఉద్యోగం రోజుల కబుర్లు చెబుతోంది, నేను ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి టైప్ చేస్తున్నాను. కొత్త ఫైలు, ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఆవిడ మంచినీళ్ళకని లేచిన సందులో కంట్రోల్ ఎస్ కొట్టాను. పేరడిగే పెట్టె తెరుచుకుంది. అంతే. బాణం గుర్తు కాస్తా నీలం చక్రమై తిరగడం మొదలెట్టింది, పై పట్టీలో 'నాట్ రెస్పాండింగ్' అని వచ్చింది, తెరంతా పాలిపోయింది.

ఆ పాలిపోయినది అసలు కిటికీ కాదుట. ఏ ప్రోగ్రామైనా 5 సెకన్ల పాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, విండోస్ దాని ఆఖరి రూపాన్ని బొమ్మలా అక్కడ నిలబెడుతుంది. దాన్ని ఘోస్ట్ విండో అంటారు. అసలుది వెనక ఎక్కడో కొట్టుమిట్టాడుతుంటుంది, మనం ఈ దయ్యం మీద టకటకా నొక్కుతుంటాం. అందుకే ఇలాంటప్పుడు నేను ముందు సెల్ తీసి తెరని ఫోటో తీస్తాను. ఏదీ దొరక్కపోతే కనీసం కనిపిస్తున్న పేజీ అయినా చూసి కొట్టుకోవచ్చు. ఇవాళా తీశాను. తీరా చూస్తే ఆఖరి పేరా మీద ఆ పేరడిగే పెట్టె దర్జాగా కూర్చుని ఉంది.

ఇంకాసేపు ఆగితే తేరుకునేదేమో. కొన్నిసార్లు తేరుకుంటుంది కూడా. ఈలోగా ఈయన వచ్చి, నా భుజం మీంచి చెయ్యి చాపి, టాస్క్ మేనేజర్ తెరిచి ఎండ్ టాస్క్ కొట్టేశారు. కొట్టేశాక అడిగారు, సేవ్ చేసుకోలేదా అని. అడగాల్సింది ముందు కదండీ! పైగా పక్కన కూర్చుని క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదని, కొన్ని సెకన్లకోసారి దానంతటదే దాచేస్తుందని పెద్ద క్లాసు. నాకు తెలియకనా?

పోయిన పేరాలో పెద్దమ్మ ఎంత బాగా చెప్పిందో, అలాంటి వాక్యం మళ్ళీ రాదని చాలాసేపు ఏడుపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. చచ్చినోడి కళ్ళు చారెడు.

వర్డ్ మళ్ళీ తెరిస్తే ఎడమ పక్కన రావాల్సిన రికవరీ జాబితా రాలేదు. అయినా కంగారు పడక్కర్లేదు, ఇంకో దారి ఉంది: ఫైల్‌లో ఇన్ఫో, అందులో మేనేజ్ డాక్యుమెంట్, అందులో రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్. అసలు పేరే పెట్టని ఫైళ్ళు అక్కడ తలదాచుకుంటాయి. అలాగని తీరిగ్గా చూసుకుందాంలే అంటే కుదరదు, 4 రోజులు దాటితే తుడిచేస్తుంది. మనది అక్కడే ఉంది, అంకెలూ అక్షరాలూ కలిసిన వింత పేరుతో, చివర ఏఎస్‌డీ అని. పెద్దమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి పాఠం కూడా ఏఎస్‌డీఎఫ్ అనే చెప్పింది లెండి. తెరవగానే ముందు సేవ్ యాజ్ కొట్టి పేరు పెట్టాను. ఆ తర్వాతే చదివాను.

దాదాపు అంతా ఉంది, ఆఖరి పేరా తప్ప. మామూలుగా అది 10 నిమిషాలకోసారి కాపీ తీసిపెట్టుకుంటుంది. పెద్దమ్మ ఊపందుకుంటే 10 నిమిషాల్లో ఓ ఉద్యోగం మారిపోయి, ఇద్దరు ఆఫీసర్లు రిటైరైపోతారు. ఆప్షన్స్‌లోకి వెళ్ళి 10ని 1 చేశాను. ఈయన చెప్పినట్టు క్లౌడ్‌లో కూడా పెట్టేద్దామనుకున్నాను.

పెట్టబోతుంటే చిన్నదాని ఘనకార్యం గుర్తొచ్చింది. మీలో పాతవాళ్ళకి తెలిసే ఉంటుంది. నేను లేచి తలుపు తీసి వచ్చేలోగా కుర్చీ ఎక్కి, ఉన్నదంతా ఒక్కసారే ఎంచుకునే కంట్రోల్ ఏ నొక్కింది. ఆ నొక్కు ఎవరు నేర్పారో ఈయన్నే అడగాలి. తర్వాత ఏదో ఒక కీ తట్టింది. నేను వచ్చేసరికి తెల్లటి పేజీలో ఒకే ఒక్క 'ల'. ఆ పక్కన 'సేవ్డ్' అని నిశ్చింతగా రాసి ఉంది. నా నెలల పని తీసి పక్కన పెట్టి, ఆ 'ల'ని భద్రంగా దాచింది ఆటోసేవ్ మహాతల్లి! జరిగింది వెనక్కి తిప్పే కంట్రోల్ జడ్ నేను కొట్టేలోపు చిన్నది భయపడి ల్యాప్‌టాప్ మూత ఠపీమని మూసేసింది, అటు తర్వాత యంత్రం మళ్ళీ మొదట్నుంచి లేచింది, అన్‌డూలు అన్నీ గాల్లో కలిశాయి. ఫైలు తెరిస్తే అదే 'ల'. చిన్నది నా మొహం చూసి ఏడుపు లంకించుకుంది, దాన్ని ఊరుకోబెట్టాలా నేను ఏడవాలా తెలియలేదు. చివరికి పాత ప్రతులన్నీ ఉండే వెర్షన్ హిస్టరీలో పొద్దుటి ప్రతి దొరికింది. ఆ పూటే ఆటోసేవ్ మీట ఆఫ్ చేశాను.

అంటే దానంతటదే దాచుకునేది మంచిచెడ్డలు చూడదు. 1 నిమిషం కాపీ ఉండనిచ్చాను, అది నా అసలు ఫైలు జోలికి రాదు కాబట్టి. ఆటోసేవ్ మాత్రం ఆఫ్‌లోనే ఉంది. ఎప్పుడు దాచాలో నేనే నొక్కుతాను. కానీ వెర్షన్ హిస్టరీ దొరికింది కూడా క్లౌడ్‌లో ఉండబట్టే కదా అని ఇప్పుడు ఇది టైప్ చేస్తుంటే తడుతోంది. ఈయనతో అనను, మళ్ళీ క్లాసు మొదలవుతుంది.

ఆఖరి పేరా కోసం రేపు పెద్దమ్మకి ఫోన్ చెయ్యాలి. "చెప్పాను కదే" అని ముందు విసుక్కుంటుంది, తర్వాత ఇంకోలా చెబుతుంది. ఫోన్లో రికార్డింగ్ పెట్టమని ఈయన సలహా. పెడితే ఆ సంగతి ఆవిడకి చెప్పాలి, చెబితే గొంతు సవరించుకుని "సభకు నమస్కారం" అంటుంది. వద్దు, టైపే చేస్తాను. ఈసారి ముందే ఫైలుకి పేరు పెట్టి కూర్చుంటాను.