ఎఫ్1 నొక్కితేనే తెరుచుకునే కంప్యూటర్

సంక్రాంతికి కాకినాడ వెళ్లినప్పుడు, చేతిలో సంచి కింద పెట్టకముందే నాన్నగారు చెప్పిన సంగతి, ఇంట్లో పదిహేను రోజులుగా నెట్ రావడం లేదని. ఆయన ఆ మాట అంటున్న సమయానికి అమ్మ అదే ఇంటి వైఫై మీద ఫోన్‌లో ప్రవచనం వింటూ ఉంది. అంటే నెట్ వస్తూనే ఉంది. ముందు గదిలోని పాత డెస్క్‌టాప్‌లో మాత్రం వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడాను అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. ఇంటర్నెట్ కంపెనీ కాల్ సెంటర్ వారు రౌటర్‌ను ఆపి మళ్లీ వేయమని మూడుసార్లు చెప్పి, ఫోన్లో వస్తోంది కనుక లైన్లో లోపం లేదని ఫిర్యాదు మూసేశారు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు వచ్చి చూసి, ఫార్మాట్ కొట్టాలన్నాడు. పెన్షన్ కాగితాల స్కాన్లు, చెల్లెలి పెళ్లి ఫొటోలు అందులోనే ఉండటం వల్ల నాన్నగారు ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే డబ్బూ ఫొటోలూ పోయి, సమస్యలో సగం అలాగే మిగిలి ఉండేది.

ఫోన్లో వస్తోందనే సాక్ష్యాన్ని కూడా వెంటనే నమ్మకూడదు, ఎందుకంటే వైఫై పనిచేయనప్పుడు చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. అందుకని అమ్మ ఫోన్లో మొబైల్ డేటా ఆపి చూశాను, ప్రవచనం ఆగలేదు. తరువాత డెస్క్‌టాప్ వెనుక ఉన్న కేబుల్‌ను తీసి నా లాప్‌టాప్‌కు పెట్టాను. అన్ని సైట్లూ వచ్చాయి. కంపెనీ, రౌటర్, కేబుల్ మూడూ నిర్దోషులని తేలడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఇక వెతకవలసింది ఆ ఒక్క పెట్టెలోనే.

తెర మీద వచ్చే సందేశాన్ని చదివే అలవాటు మనలో చాలామందికి లేదు. అది ఇంగ్లీషులో ఉండటం ఒక కారణమైతే, ఎలాగూ అర్థం కాదన్న ముందస్తు నిర్ణయం ఇంకో కారణం. ఇక్కడి సందేశం స్పష్టంగానే ఉంది: సర్వర్ చిరునామా దొరకలేదని. ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8 అనే అంకెల చిరునామాకు పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని పలకరిస్తే, వెంటనే జవాబు వచ్చింది. అదే ఒక సైటు పేరుతో కొడితే రాలేదు. దారి ఉంది, పేరును అంకెలుగా మార్చి చెప్పే డీఎన్ఎస్ లేదు. ఎన్ఎస్‌లుకప్ అనే ఆదేశంతో ఆ పేరునే రెండుసార్లు అడిగాను. మామూలుగా అడిగితే గడువు దాటిపోయిందంది. పేరు పక్కన 8.8.8.8 చేర్చి, గూగుల్ 2009 నుంచి నడుపుతున్న డీఎన్ఎస్ సర్వర్‌ను నేరుగా అడిగితే జవాబు ఇచ్చింది.

నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగుల్లో చూస్తే, డీఎన్ఎస్ గడులలో ఎవరో చేత్తో టైపు చేసిన రెండు చిరునామాలున్నాయి. అవి పాత ఇంటర్నెట్ కంపెనీ సర్వర్లవి. పదిహేను రోజుల కిందటే నాన్నగారు కంపెనీ మార్చారు. ఇలాంటి సర్వర్లు చాలావరకు తమ చందాదారులకే జవాబిస్తాయి, పరాయివారు అడిగితే మౌనం వహిస్తాయి. ఫోన్లూ నా లాప్‌టాపూ డీఎన్ఎస్ చిరునామాను, సెట్టింగులను తమంతట తామే పొందే డీహెచ్‌సీపీ అనే పద్ధతి ద్వారా రౌటర్‌ను అడిగి తీసుకుంటాయి కనుక కంపెనీ మారిన సంగతి వాటికి తెలియకుండానే సర్దుకుంది. డెస్క్‌టాప్ మాత్రం ఇల్లు మారినవాడి కోసం పాత వీధిలో తలుపు తడుతూ కూర్చుంది. ఆ గడులను ఆటోమేటిక్‌కు మార్చాను.

అప్పటికీ సైట్లు తెరుచుకోలేదు. అయితే సందేశం మారింది: మీ కనెక్షన్ సురక్షితం కాదంది. సాధారణంగా ఈ దశలోనే జనం విసిగిపోయి ఫార్మాట్‌కు సిద్ధపడతారు, కానీ నాకు ఇది శుభవార్తగా తోచింది. గుమ్మం దాటి లోపలికి వచ్చాక ఇంకో తలుపు ఎదురైందని దాని అర్థం. కుడివైపు కింది మూలన తేదీ చూశాను. 2015 జనవరి 1 అని ఉంది.

ప్రతి సురక్షిత సైటుకూ అది అసలుదేనని చెప్పే ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ చాలాకాలంగా 90 రోజుల గడువుతో ఇస్తోంది. కాబట్టి కిందటి నెలలో పుట్టిన సర్టిఫికెట్‌ను 2015లో కూర్చున్న కంప్యూటర్‌కు చూపిస్తే, ఇది ఇంకా పుట్టనే లేదని తోసిపుచ్చుతుంది. తోసిపుచ్చడం న్యాయమే. ఫర్వాలేదు ముందుకు వెళ్లమనే లింకు కొన్ని సైట్లకు కనిపిస్తుంది, నాన్నగారు దాన్ని నొక్కడం కూడా నేర్చుకున్నారట. బ్యాంకు సైటుకు మాత్రం ఆ లింకే కనిపించలేదని ఆయన ఫిర్యాదు. సురక్షిత మార్గంలో తప్ప తెరవవద్దని బ్రౌజర్‌కు ముందే చెప్పి ఉంచే సైట్లకు ఆ దొడ్డిదారి ఉండదు. అలా ఉండకపోవడమే ఆయన డబ్బుకు రక్ష అని నచ్చజెప్పడానికి రౌటర్ సంగతి తేల్చినదానికంటే ఎక్కువ సేపు పట్టింది.

విండోస్ గడియారాన్ని ఇంటర్నెట్ చూసి తానే సరిచేసుకోవాలి కదా అని అనుమానం రావచ్చు. సమయం చెప్పే సర్వర్‌ను కూడా పేరుతోనే వెతకాలి, డీఎన్ఎస్ లేనప్పుడు అదీ దొరకదు. అంతేకాక, తేడా 15 గంటలు దాటితే ఇంటి కంప్యూటర్లలో విండోస్ తనంతట తాను దిద్దుబాటు చేయదు. ఆ పరిమితి 54,000 సెకన్లుగా ముందే రాసి ఉంటుంది. పదేళ్ల తేడా దాని అధికారానికి మించిన విషయం.

గడియారం ఎందుకు వెనక్కి పోయిందో నాన్నగారే తెలియక చెప్పారు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేసినప్పుడు నల్లని తెర మీద ఏవో అక్షరాలు రాగానే ఆయన నా భుజం మీదుగా చెయ్యి చాచి ఎఫ్1 నొక్కారు. "అదేమిటి నాన్నా?" అంటే, "ఎఫ్1 నొక్కితేనే కదరా ఇది తెరుచుకునేది!" అన్నారు. ఏడాదిగా రోజూ నొక్కుతున్నారట. ఆ అక్షరాలు సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని చెబుతున్నాయి, అంటే బోర్డు దాచుకున్న సెట్టింగులు చెడిపోయాయి. రోజూ ఇలా జరిగితే చాలావరకు మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయినట్టే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ బోర్డు గడియారం ఆ కరెంటుతోనే నడుస్తుంది. ప్లగ్గు ఆపితే భారమంతా సెల్ మీద పడుతుంది. నాన్నగారు ప్రతి రాత్రీ గోడ మీద స్విచ్ ఆపే మనిషి. ఉరుములూ మెరుపులూ ఉండే ఊళ్లో అది మంచి అలవాటే కనుక మానమని నేను చెప్పలేదు.

ఏడాదిగా ఒక్కోరోజు సైట్లు వచ్చి, ఒక్కోరోజు రాకపోవడంలోని రహస్యం కూడా అప్పుడే విడిపోయింది. తిథి చూసుకోవడానికి అమ్మ ఎప్పుడైనా ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే, మూలన తేదీ తప్పుగా ఉందని సరిచేసి లేచేదట. ఆ రోజు బ్యాంకు తెరుచుకునేది. రాత్రి స్విచ్ ఆపగానే మళ్లీ మొదటికి వచ్చేది. కంపెనీ మారాక డీఎన్ఎస్ కూడా తోడవడంతో అమ్మ వైద్యం పనిచేయడం మానేసింది.

సెల్ పేరు సీఆర్2032. అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం; 3 వోల్టులు. వాచీల కొట్టులో దొరికింది. ప్లగ్గు పూర్తిగా తీసి, పక్క పలక విప్పి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌లో తేదీ, సమయం సరిచేశాను. పనిలో పనిగా నెట్‌ను వేరే కంప్యూటర్ మీదుగా మళ్లించే ప్రాక్సీ సెట్టింగులూ, డీఎన్ఎస్ కంటే ముందు సైట్ల చిరునామాలు చెప్పే హోస్ట్స్ ఫైలూ చూశాను, ఎందుకంటే ఒక్క కంప్యూటర్‌లోనే సైట్లు రాకపోవడానికి అవి కూడా పాత నేరస్తులే. రెండూ శుభ్రంగా ఉన్నాయి.

పరీక్ష కోసం ఆ రాత్రి స్విచ్ ఆపే పని నాన్నగారికే అప్పగించాను. కనుమ నాడు పొద్దున ఆయన కంప్యూటర్ వేసి, వేలు ఎఫ్1 మీద ఆనించి నిలబడ్డారు. నల్లని తెర వచ్చింది, ఏమీ అడగకుండానే పోయింది. కరెంటు బిల్లు కట్టి రసీదు ప్రింటు తీశాక కూడా, "మరి ఇప్పుడు ఎఫ్1 ఎప్పుడు నొక్కాలి?" అని అడిగారు.