మూడు పెడళ్లా, రెండు క్లచ్‌లా?

హైదరాబాదులో కారు కొంటున్నామని ఎవరికి చెప్పినా మొదట వచ్చే సలహా ఒక్కటే: ఈ ట్రాఫిక్‌లో మాన్యువల్ దేనికి, హాయిగా ఆటోమేటిక్ తీసుకోండి అని. ఎడమ మోకాలి తరఫున ఆలోచిస్తే ఆ సలహాలో తప్పేమీ లేదు. అయితే కొనబోయేది స్పోర్ట్స్ సెడాన్ అయి, అందులోని ఆటోమేటిక్ డ్యూయల్ క్లచ్ రకానిది అయినప్పుడు ఆ సలహా గేర్‌బాక్సుకు అంతగా నప్పదు. ఎందుకంటే డ్యూయల్ క్లచ్ తన సత్తా చూపేది ఖాళీ రోడ్డు మీద. అది ఇబ్బంది పడేది, మనం దాన్ని ఏ పని కోసం కొంటున్నామో సరిగ్గా ఆ పనిలోనే. కొన్ని నెలలుగా మా ఇంట్లో నడుస్తున్న చర్చ అంతా చివరికి ఈ ఒక్క విషయం దగ్గరికే వచ్చి ఆగింది కాబట్టి, దాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మేము చూసినవి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ ప్లస్, స్కోడా స్లావియా. రెండూ పుణె దగ్గరి చాకన్‌లో తయారవుతాయి. రెండింటికీ ఒకటే 1.5 లీటర్ల టీఎస్ఐ టర్బో పెట్రోల్ ఇంజన్. 150 పీఎస్ శక్తి, 1,600 ఆర్‌పీఎం నుంచే చేతికందే 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. స్లావియాలో ఈ ఇంజన్‌కు 2022లో విడుదలైనప్పటి నుంచే ఆరు గేర్ల మాన్యువల్, ఏడు గేర్ల డీఎస్‌జీ (ఈ కంపెనీల డ్యూయల్ క్లచ్ పేరు అదే) రెండూ ఇచ్చారు. వర్టస్‌లో మొదట డీఎస్‌జీ ఒక్కటే ఉండేది, మాన్యువల్ 2023లో వచ్చింది. జర్మనీ వాళ్లు వీటిని స్పోర్ట్స్ సెడాన్లంటే ఒప్పుకోకపోవచ్చు గానీ, మన దేశంలో ఇరవై లక్షల షోరూం ధర లోపల ఆ పేరుకు కాస్తయినా దగ్గరగా వచ్చేవి, నా లెక్కలో, ఇవి రెండూ, 160 పీఎస్ టర్బో ఇంజన్‌తో వచ్చే హ్యుందాయ్ వెర్నా.

డ్యూయల్ క్లచ్ లోపల ఉన్నది నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. తేడా ఏమిటంటే క్లచ్ ఒకటికి బదులు రెండు ఉంటాయి, వాటిని మన కాలికి బదులు కంప్యూటరు ఆడిస్తుంది. డీఎస్‌జీలో 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్ కిందికి, 2, 4, 6, రివర్స్ గేర్లు రెండో క్లచ్ కిందికి వస్తాయి. మూడో గేరులో వేగం పుంజుకుంటున్నప్పుడే నాలుగో గేరు పడి సిద్ధంగా ఉంటుంది కాబట్టి, మిగిలేది ఒక క్లచ్ వదులుతుండగా మరొకటి పట్టుకోవడమే. ఆ రెప్పపాటులో కూడా ఇంజన్ బలం చక్రాలకు దాదాపు తెగకుండా అందుతూనే ఉంటుంది. ఈ ఆలోచనను 1930ల చివర్లో ముందుకు తెచ్చినవాడు అడాల్ఫ్ కెగ్రెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు. అది గట్టిగా పరీక్షకు నిలిచింది 1980ల్లో పోర్షె 956, 962 రేసు కార్లలో. మామూలు జనం కొనుక్కునే కారులోకి వచ్చింది 2003లో, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో. ఈ వరుసలో ఎక్కడా అమీర్‌పేట సిగ్నలు దగ్గర ఆగి కదిలే అవసరం కనిపించదు. టర్బైన్, నూనె మధ్య జారుడుతో కారును నెమ్మదిగా కదిలించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ వేరే జాతి. షోరూములో రెండింటినీ ‘ఆటోమేటిక్’ అన్న ఒకే మాటతో చెప్పేస్తారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ముందు దాని గొప్పతనం ఒప్పుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద టోల్ దాటి 120 పరిమితి వరకు వేగం అందుకునేటప్పుడు డీఎస్‌జీ గేర్లు మార్చే తీరును ఏ మనిషి చెయ్యీ కాలూ కలిసి అందుకోలేవు. గేరు మారిన సంగతి మెడకు తెలియదు, ఆర్‌పీఎం ముల్లు చూస్తేనే తెలుస్తుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డు లాంటి చోట, మలుపు ముందు స్టీరింగు వెనక ఉన్న ఎడమ ప్యాడిల్‌ను రెండుసార్లు లాగితే చాలు. ఇంజన్ తానే ఆర్‌పీఎం పెంచి కింది గేరును కుదుపు లేకుండా పట్టిస్తుంది. దిగేటప్పుడు అదే పద్ధతిలో ఇంజన్ బ్రేకింగ్ వాడుకోవచ్చు, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంటాయి. మాన్యువల్‌లో అదే పని శుభ్రంగా చేయాలంటే బ్రేకు తొక్కుతూనే మడమతోనో పాదం అంచుతోనో యాక్సిలరేటరును తాకడం నేర్చుకోవాలి. అది నేర్చుకున్నవాళ్లకు గొప్ప సరదా, నేర్చుకోని వాళ్లకు తల ముందుకు ఊగే అనుభవం.

కానీ ఆ రోడ్డు మీద కూడా దానికొక బలహీనత ఉంది, టెస్ట్ డ్రైవులో దీన్ని ఎవరూ చూపించరు. విజయవాడ హైవే మీద ఏడో గేరులో నింపాదిగా వెళ్తూ, ముందున్న లారీని దాటడానికి యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కామనుకోండి. అప్పుడు గేర్‌బాక్సుకు కావలసింది మూడో గేరు. ఏడో గేరు, మూడో గేరు ఒకే క్లచ్ మీద ఉన్నవి కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి నేరుగా చేతులు మార్చుకోవడం కుదరదు. మధ్యలో రెండో క్లచ్ మీది గేరు సాయం తీసుకోవాలి, ముందే సిద్ధం చేసుకున్న గేరు అక్కరకు రాకుండా పోతుంది. ఫలితం చిన్న తటపటాయింపు. ప్యాడిల్‌తో ముందే గేరు దించుకుంటే ఆ సమస్య ఉండదు, కాని అలా ముందే ఆలోచించి దించుకునేవాడు మాన్యువల్ అయినా ఆరు నుంచి మూడుకు ఒక్క చేతి కదలికతో మార్చుకోగలడు.

ఇక అసలు విషయం, గంటకు పది కిలోమీటర్ల లోపు జరిగేది. ఈ కార్లలో ఉన్న ఏడు గేర్ల డీఎస్‌జీ పేరు డీక్యూ200. దాని రెండు క్లచ్‌లూ పొడివి, అంటే నూనెలో మునిగి ఉండవు. పొడి క్లచ్ తేలిక, శక్తి నష్టం తక్కువ, మైలేజీకి మంచిది. అయితే జారినప్పుడు పుట్టే వేడిని తీసుకుపోవడానికి దానికి చుట్టూ ఉన్న గాలి తప్ప వేరే దిక్కు లేదు. బ్రేకు మీద నుంచి కాలు తీస్తే కారు మెల్లగా పాకుతుంది చూడండి, మనకు ఎంతో సుఖంగా అనిపించే ఆ పాకుడు క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఇచ్చేదే. ముందు కారు మూడడుగులు కదిలితే మనమూ మూడడుగులు కదలడం, మళ్లీ ఆగడం, మళ్లీ కదలడం, అదీ ఫ్లైఓవరు ఎక్కుడు మీద, మే నెల సాయంత్రం, ఏసీ పూర్తిగా నడుస్తుండగా... మాన్యువల్ నడిపేవాడు ఇంతసేపు హాఫ్ క్లచ్ మీద కారు నడిపితే పక్కన కూర్చున్న పెద్దవాళ్లు తిట్టేవాళ్లు. కంప్యూటరు నడుపుతుంటే తిట్టేవాళ్లు ఉండరు.

ఇంకో సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. డీక్యూ200 తట్టుకోగల గరిష్ఠ టార్క్ 250 న్యూటన్ మీటర్లు. మన ఇంజన్ ఇచ్చేదీ అంతే. ఇంజనీర్లు లెక్క చూసుకోకుండా పెట్టరు, అది నిజమే. అయినా పదేళ్లు వాడదామనుకునే వస్తువు మొదటి రోజు నుంచే తన హద్దు అంచున పనిచేస్తుందంటే నాకు కొంచెం బెరుకుగానే ఉంటుంది. ఈ గేర్‌బాక్సుకు పాత చరిత్ర కూడా ఉంది. చైనాలో ఫిర్యాదులు పెరిగి, కంపెనీ 2012లో అక్కడ వారంటీని పదేళ్లకు పెంచింది. 2013 మార్చిలో ప్రభుత్వ టీవీ ఛానల్ ఈ విషయాన్ని బయట పెట్టాక 3,84,181 కార్లను వెనక్కి పిలిచింది. ఆ ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లలో గేర్‌బాక్సు సింథటిక్ నూనెను తీసి మినరల్ నూనె పోయించింది; విద్యుత్ సరఫరాలో లోపం రాకుండా చేసిన మార్పు అది. అప్పటి భాగాలు, అప్పటి సాఫ్ట్‌వేరు ఇప్పుడు లేవు కాబట్టి ఆ కథను ఈనాటి కారుకు యథాతథంగా అంటగట్టడం న్యాయం కాదు. కానీ పొడి క్లచ్‌కు వేడి పడదన్న భౌతిక సూత్రం మాత్రం సాఫ్ట్‌వేరుతో మారేది కాదు.

మాన్యువల్‌కు ఈ బాధ లేదా అంటే, ఉంది. కాకపోతే ఆ బాధ క్లచ్ నుంచి మనిషికి బదిలీ అవుతుంది. ముందు కారుకూ మనకూ కొంత జాగా వదిలి, అది నిండేంత దూరం ఒక్కసారి కదిలి, క్లచ్ పూర్తిగా వదిలి మొదటి గేరులో పోనిచ్చి, ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టే అలవాటు ఉన్నవాళ్ల చేతిలో క్లచ్ ప్లేటు ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆ జాగాలోకి బైకులు, ఆటోలు దూరతాయన్నది వేరే సంగతి. అరిగిపోతే ముందుగా పెడల్ పట్టే ఎత్తు మారుతుంది, ఎక్కుళ్ల మీద ఆర్‌పీఎం పెరిగినా వేగం పెరగదు. మనకు హెచ్చరిక అందుతుంది. మా పాత కారును ఎన్నో ఏళ్లుగా చూసే మెకానిక్‌ను అడిగితే, “క్లచ్ ప్లేటు అయితే ఏ గ్యారేజీలోనైనా మారుస్తారు సార్. మెకట్రానిక్స్ పోయిందంటే మాత్రం నా దగ్గరికి తీసుకురాకండి, కంపెనీకే పోవాలి,” అన్నాడు. మెకట్రానిక్స్ అంటే డీఎస్‌జీలో క్లచ్‌లనూ గేర్లనూ ఆడించే కంప్యూటరు భాగం. వారంటీ ఉన్నన్నాళ్లూ ఆ తేడా మనకు కనిపించదు, దాటిన తర్వాత అదొక్కటే కనిపిస్తుంది.

వేగం గురించి జరిగే వాదం నాకు ఆసక్తి లేనిది. 2014 నాటి బీఎండబ్ల్యూ ఎం3ని చూడండి: సున్నా నుంచి వందకు మాన్యువల్‌తో 4.3 సెకన్లు, డ్యూయల్ క్లచ్‌తో 4.1, డ్యూయల్ క్లచ్ కారు బరువు 40 కిలోలు ఎక్కువ. రెండు పదో వంతుల సెకను రేసు ట్రాక్ మీద లెక్కకు వస్తుంది, కోకాపేటలో రాదు. కానీ ఆ ఎం3 కథలో తర్వాత జరిగింది చాలామంది గమనించలేదు. 2008లో ఎం3లోకి ఎంతో ఆర్భాటంగా వచ్చిన డ్యూయల్ క్లచ్‌ను, జీ80 అనే తర్వాతి తరంలో బీఎండబ్ల్యూ పూర్తిగా పక్కన పెట్టింది. 480 పీఎస్ మామూలు ఎం3కి ఆరు గేర్ల మాన్యువల్ ఉంచి, 510 పీఎస్ ‘కాంపిటీషన్’ రకానికి ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఇచ్చింది. టార్క్ కన్వర్టర్లు ఇప్పుడు గేర్లు దాదాపు అంతే వేగంగా మారుస్తున్నాయి, ఊళ్లో మెత్తగా కదులుతున్నాయి, ఎక్కువ టార్క్‌ను సులువుగా మోస్తున్నాయి. మాన్యువల్‌ను చంపేస్తుందనుకున్న పద్ధతే ఆ కారులోంచి ముందు వెళ్లిపోయింది, మాన్యువల్ మిగిలింది. పోర్షె మాత్రం పీడీకే అనే తన డ్యూయల్ క్లచ్‌ను వదల్లేదు. కాకపోతే దాని క్లచ్‌లు నూనెలో పనిచేసేవి, ధర కూడా వేరే లోకానిది.

కాబట్టి నా అభిప్రాయం ఇలా తేలింది. హైవే ఎక్కువ, ఊరు తక్కువ తిరిగేవాళ్లూ, నాలుగైదేళ్లలో వారంటీ లోపలే కారు మార్చేసేవాళ్లూ డీఎస్‌జీ నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఈ ధరలో అంత మంచి గేర్‌బాక్సు నడిపే అనుభవం మరొకటి లేదు. రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చుంటూ సుఖమే ముఖ్యమనుకునేవాళ్లు స్పోర్ట్స్ సెడాన్ మోజు కాస్త తగ్గించుకుని టార్క్ కన్వర్టర్ ఉన్న కారు చూడటం మేలు; ఇదే వర్టస్‌లోనూ స్లావియాలోనూ 1.0 లీటరు ఇంజన్‌తో టార్క్ కన్వర్టర్ దొరుకుతుంది, దాన్ని ఎవరూ పొగడరు గానీ ట్రాఫిక్‌లో దాని పని అది చేసుకుపోతుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు ఈ చర్చే అనవసరం. కారును ఎక్కువకాలం ఉంచుకుని, నడపడంలో ఆనందం వెతుక్కునేవాళ్లకు మాత్రం మాన్యువలే.

మాది ఈ చివరి కోవ. అయితే ఇంట్లో కారు నడిపేది నేనొక్కణ్నే కాదు, మా ఆవిడ నాకంటే ఎక్కువ నడుపుతుంది. ఆమె రెండింటినీ సాయంత్రం వేళ గచ్చిబౌలి వైపు తీసుకెళ్లి నడిపి చూసింది. క్లచ్ తాను భయపడినంత బరువుగా లేదనీ, 1,600 దగ్గరే బలం అందడం వల్ల రెండో గేరులోనే చాలాదూరం లాగించవచ్చనీ, పదే పదే గేరు రాడ్ జోలికి వెళ్లాల్సిన పని పడలేదనీ చెప్పింది. “నీ ఉపన్యాసం లేకపోయినా ఇదే తీసుకునేదాన్ని,” అని కూడా అంది.

వర్టస్ మాన్యువల్ బుక్ చేశాం. డీఎస్‌జీతో పోలిస్తే లక్షకు పైగా మిగిలింది. అందులో కొంత టైర్లకు పోతుందని ఇప్పుడే అనుకుంటున్నాను, ఎందుకంటే ముందు చక్రాలకు 250 న్యూటన్ మీటర్లు వెళ్లే ఈ కారులో తడి రోడ్డు మీద మొదటి గేరులో క్లచ్ కొంచెం తొందరగా వదిలితే చక్రాలు ఊరికే తిరిగిపోతాయి. వానాకాలం లోపు అదొకటి చూసుకోవాలి.