పెసరకట్టు నుంచి ఉలవచారు దాకా

డెంగ్యూలో జ్వరం దిగిన రోజు నుంచే అసలు జాగ్రత్త మొదలవుతుందని నాకు పోయిన దసరా సెలవుల్లో తెలిసింది. గుడివాడలో వానలు అప్పుడే తెరిపిచ్చాయి. నాకు 103 డిగ్రీల జ్వరం, కళ్ళ వెనక నొప్పి. మంచం దిగితే కాళ్ళు నిలిచేవి కావు. ఎన్‌ఎస్‌1 పరీక్షలో డెంగ్యూ అని తేలింది. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

జ్వరం తగ్గింది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. సరిగ్గా అప్పుడే ప్లేట్‌లెట్లు 38,000కి పడిపోయాయి. మామూలుగా లక్షన్నరకు పైనే ఉండాలి. ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టారు. మావారు ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడుతుంటే, డాక్టరు గారు మాత్రం హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, ఎంతుందో చూసుకునేవారు. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోతే రక్తం చిక్కబడుతుంది, అది అందులో తెలుస్తుంది. అందుకే నోటితో ఎంత తాగగలిగితే అంత తాగమన్నారు.

తాగడమే గండంగా ఉండేది. కొబ్బరినీళ్ళు కడుపులో నిలిచేవి కావు, ఓఆర్‌ఎస్ వాసనకే వికారం. చూడటానికి వచ్చిన పెద్దావిడ ఒకరు "లంఖణం పరమౌషధం, వదిలెయ్యండి" అన్నారు. ఈ జబ్బులో ఆ మాట పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మా అత్తయ్యగారు ఆ మాట వినిపించుకోకుండా ఇంటికెళ్ళి, ఫ్లాస్కులో పెసరకట్టు తెచ్చారు. గుప్పెడు చాయపెసరపప్పు ఎక్కువ నీళ్ళలో మెత్తగా ఉడికించి, పైన తేరిన కట్టు వడకట్టి, ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి వేశారు. పోపు లేదు, నెయ్యి లేదు, కాబట్టి వాసనా లేదు.

"ఏమ్మా, రెండు గుక్కలు తాగు. కక్కితే కక్కావు, మళ్ళీ తాగుదువు గాని" అన్నారు. కక్కలేదు. గంటకోసారి చిన్న గ్లాసుతో అదే తాగాను. నన్ను గట్టెక్కించింది సెలైనూ, డాక్టరు గారు కనిపెట్టుకుని ఉండటమూ. కానీ నా అంతట నేను మింగగలను అన్న ధైర్యం ఆ కట్టుతోనే వచ్చింది.

ఇంటికొచ్చాక జ్వరం లేదు కానీ నోరు చేదు, అన్నం సయించదు. అప్పుడు మిరియాల చారు. మిరియాలు, జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి పచ్చిగానే కచ్చాపచ్చాగా దంచి, చింతపండు సగానికి తగ్గించి, ఒక్క పొంగు రాగానే దించేసేవారు. ఎక్కువ మరిగితే చారు ఘాటు పోతుందని ఆవిడ పట్టుదల. నాకూ ఇప్పుడు అదే నమ్మకం. మెత్తటి అన్నంలో అది పోసుకుని తిన్నప్పుడు, ఎన్నాళ్ళకో నాలుకకు రుచి తగిలింది. తర్వాత కందికట్టులో మునగాకు వేసిన చారు.

బలం రావాలంటే ఎముకల సూపు పెట్టమని అందరూ చెప్పారు. ఈలోపు కార్తీకం వచ్చేసింది, ఆ నెల్లాళ్ళూ మా ఇంట్లో నీచు వండరు. అత్తయ్యగారు ఉలవలు నానబోశారు. వాళ్ళ పుట్టింట్లో ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టి, ఆ నీళ్ళతోనే చారు కాచేవారట. రాత్రంతా నానిన ఉలవల్ని పొద్దున్నే పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కట్టు దిగింది. దాంట్లో చింతపండు పులుసు, ఉల్లిపాయ లేకుండా కారం, ఉప్పు వేసి సన్న సెగ మీద చిక్కబడేదాకా మరిగించి, ఇంగువ పోపు పెట్టారు. వేడి చేస్తుందని మొదట నాలుగు చెంచాలే పోశారు, పైన వెన్న ముద్ద. ఆ పూట రెండోసారి అన్నం అడిగాను. మావారు వంటింట్లోంచి గిన్నె తెచ్చి పక్కనే పెట్టేశారు.

బడికి మళ్ళీ వెళ్ళాక కొన్నాళ్ళు కుర్చీలో కూర్చునే పాఠం చెప్పాను. జుట్టు సంక్రాంతి దాకా రాలుతూనే ఉంది. పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు అలా రాలడం మామూలేనని, దానంతట అదే ఆగుతుందని డాక్టరు గారు చెప్పారు. ఆగింది కూడా. ఇప్పుడు వానలు పడితే చాలు, మావారు వారానికోసారి కూలర్ అడుగున నీళ్ళు, పూలకుండీల కింది పళ్ళేలు తనే ఒంపేస్తారు. డెంగ్యూ దోమ ఎక్కువగా పగలు కుడుతుంది, గుడ్లు పెట్టేది ఎక్కువగా నిలవున్న శుభ్రమైన నీళ్ళలో.