తక్కువ రేటు ఫ్లైట్లకి సరిపోయే క్యాబిన్ బ్యాగ్ ఎలా ఎంచుకున్నానంటే (నా అనుభవం)

తక్కువ రేటు ఎయిర్‌లైన్స్‌లో వెళ్ళేవాళ్ళు బ్యాగ్ కొనేముందు చెయ్యాల్సిన మొదటి పని టికెట్ చదవడం అండి. మన ఫేర్‌కి ఏ బ్యాగ్ ఫ్రీనో తెలీకుండా "క్యాబిన్ సైజ్" అని స్టిక్కర్ ఉంది కదా అని ట్రాలీ కొనేస్తే, అది పైన బిన్‌లో (సీట్ల పైన సామాన్లు పెట్టే అర) పట్టొచ్చు గానీ మన టికెట్‌కి అసలు పైన బిన్ వాడుకునే హక్కే ఉండకపోవచ్చు. నా టికెట్లు అలాంటివే. వెళ్ళేది ఒక ఎయిర్‌లైన్, వచ్చేది ఇంకోటి, రెండింట్లోనూ బేసిక్ ఫేర్‌కి ముందు సీటు కింద పట్టే చిన్న బ్యాగ్ ఒక్కటే ఫ్రీ. పెద్దది కావాలంటే విడిగా కట్టాలి, గేట్ దగ్గర ఆపారంటే ముందే ఆన్‌లైన్‌లో కట్టేదానికన్నా చాలా ఎక్కువ అవుతుంది. అందుకే ఈ ఒక్క బ్యాగ్ కోసం ఓపిగ్గా కూర్చున్నా.

ముందు సైజులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నా. యూరప్ ఎయిర్‌లైన్స్ చూస్తే, ఈజీజెట్‌లో ఫ్రీ బ్యాగ్ 45×36×20 సెంటీమీటర్లు, విజ్ ఎయిర్‌లో 40×30×20, ర్యానెయిర్‌లో ఇంతకుముందు 40×25×20 ఉండేది, 2025లో 40×30×20కి పెంచారు. ఇవన్నీ సీటు కింద పెట్టే బ్యాగులు. ఇండిగో, ఎయిర్‌ఏషియాల దగ్గరకొస్తే లెక్కే వేరు, ఇండిగోలో 55×35×25 దాకా ట్రాలీ ఫ్రీనే కానీ 7 కేజీలు దాటకూడదు, ఎయిర్‌ఏషియాలో 56×36×23 బ్యాగూ దాంతోపాటు ఇంకో చిన్న బ్యాగూ రెండూ కలిపి 7 కేజీలు. అంటే ఒకచోట టేపుకి భయపడాలి, ఇంకోచోట త్రాసుకి. ఇవి మారుతూనే ఉంటాయి కాబట్టి ఎవరో ఎప్పుడో రాసిన సలహా చూసి కాకుండా, బుక్ చేసిన ఎయిర్‌లైన్ సైట్‌లోనే ఒకసారి చూసుకోండి.

కాగితం మీద రాశాక తేలిందేంటంటే, రెండు ఎయిర్‌లైన్స్ ఉన్నప్పుడు ఏది చిన్నదైతే అదే మన సైజు. నాకు 40×30×20 వచ్చింది, గుణిస్తే 24 లీటర్లు. ఈజీజెట్ సైజుకి అదే 32 లీటర్లు వస్తుంది, మధ్యలో 8 లీటర్లు తేడా, అంటే ఒక జాకెట్టూ ఒక జత బూట్లూ పెట్టుకునేంత. కొంచెం బాధనిపించింది కానీ రెండు బ్యాగులు కొనలేం కదా.

ఇక బ్యాగుల సైజులు రాసే పద్ధతి గురించి చెప్పాలి, నా టైమంతా ఇక్కడే పోయింది. చాలా చోట్ల రాసేది డబ్బా కొలత మాత్రమే, చక్రాలూ పైన హ్యాండిలూ కలపరు, ఎయిర్‌లైన్ మాత్రం అవన్నీ కలిపే కొలుస్తుంది. చక్రాలకే నాలుగైదు సెంటీమీటర్లు పోతుంది. ఇంకోటి అంగుళాలు. 22 అంగుళాల బ్యాగ్ అంటే 55.9 సెంటీమీటర్లు, అది 55 లిమిట్ ఉన్నచోట కాగితం మీదే దాటేసింది. ఎక్స్‌పాండబుల్ జిప్ (తెరిస్తే బ్యాగ్ ఇంకాస్త పెద్దదయ్యే జిప్) ఉన్న బ్యాగ్ అయితే జిప్ మూసి ఉన్నప్పటి సైజు రాస్తారు, మనం తిరుగు ప్రయాణంలో ఆ జిప్ తెరవకుండా ఉండం. అందుకని షాపుకి టేపు పట్టుకెళ్ళి నేల నుంచి హ్యాండిల్ కొన దాకా, వీపు వైపు నుంచి ముందు జేబు ఉబ్బు దాకా నేనే కొలిచా, షాపులో అబ్బాయి పాపం విసుక్కోకుండా ఒక్కోటీ తీసి చూపించాడు.

ఖాళీ బ్యాగ్ కొలిస్తే సరిపోదు, అసలు సంగతి నింపాకే తెలుస్తుంది. దీనికోసం ఇంట్లో ఒక అట్టపెట్టె కోసి లోపలి కొలత సరిగ్గా 40×30×20 వచ్చేలా ప్యాకింగ్ టేపుతో అతికించా, పైన తెరిచి ఉంచా. బ్యాగ్ సైజు చూడ్డానికి ఎయిర్‌పోర్టులో ఉండే ఇనప ఫ్రేమ్‌కి బదులు అన్నమాట. తెచ్చిన బ్యాగుని బట్టలతో నింపి అందులో దించితే పొడవూ వెడల్పూ హాయిగా దిగాయి, మందం దగ్గరే పట్టేసింది. ముందు జేబులో ఛార్జరూ చిన్న కిట్టూ పెట్టానంతే, అక్కడ మూడు వేళ్ళ మందం ఉబ్బి అట్ట గోడ బయటికి వంగింది. అవి తీసి లోపల మూలల్లో సర్దితే, అరచేత్తో ఒకసారి నొక్కగానే జారిపోయింది. అప్పుడే ఇది ఉంచుకుందామని డిసైడ్ అయ్యా.

నేను తీసుకుంది చక్రాల్లేని మెత్తటి బ్యాక్‌ప్యాక్, సూట్‌కేస్‌లా పూర్తిగా రెండు వైపులా తెరుచుకునేది. మెత్తటిదైతే ఒక సెంటీమీటర్ అటూ ఇటూ అయినా నొక్కితే దిగుతుంది, గట్టి షెల్ ఉన్నది అలా వంగదు. చక్రాలు లేకపోతే భుజం నొప్పి కదా అంటారు, నిజమే, నడుము దగ్గర సమస్య ఉన్నవాళ్ళకి నేను దీన్ని చెప్పను, వాళ్ళు డబ్బులు కట్టి ట్రాలీ తీసుకెళ్ళడమే మేలు. మిగతావాళ్ళకి మాత్రం ఈ సైజులో చక్రాలు దండగ, ఉన్న 24 లీటర్లలో చక్రాలూ రాడ్లూ చాలా జాగా తినేస్తాయి. 7 కేజీల లిమిట్ ఉన్న ఎయిర్‌లైన్స్‌లో ఎక్కువ తిరిగేవాళ్ళు కూడా ఖాళీ బరువు చూసే కొనండి, గట్టి ట్రాలీ ఖాళీదే రెండున్నర మూడు కేజీలుంటుంది, ఇంక మనకి మిగిలేది నాలుగే. చేత్తో వేలాడదీసే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి ఇంట్లో ఉంటే ఆ టెన్షన్ సగం పోతుంది.

ప్రయాణం రోజు గేట్ దగ్గర ఫ్రేమ్‌లో పెట్టమన్నారు, పెట్టా, దిగింది, వెళ్ళమన్నారు. నా వెనక ఒకాయన ట్రాలీ చక్రాలు పైకి తేలి ఉండిపోయాయి, ఆయన కార్డు తీసి కట్టాల్సొచ్చింది, చూస్తే మనసుకి కష్టంగా అనిపించింది, ఎందుకంటే ఆ బ్యాగ్ మీద కూడా క్యాబిన్ అనే ట్యాగ్ వేలాడుతోంది.

సర్దేటప్పుడు ఇంకో మాట. పవర్ బ్యాంక్‌ని మాత్రం ఎప్పుడూ పైనే, చెయ్యి పెడితే తగిలేలా పెట్టుకోండి. ఏ కారణంతోనైనా గేట్ దగ్గర మీ బ్యాగ్‌ని కింద కార్గోలోకి పంపుతామంటే అది బ్యాగ్‌లో ఉండకూడదు, తీసి మీతోనే తీసుకెళ్ళాలి, అప్పుడు లైన్‌లో నిలబడి బట్టలన్నీ బయటికి లాగకుండా ఒక్క జిప్‌తో పనైపోతుంది.