తూపిలిపాలెంలో తెగిన వల

పోయిన ఆదివారం మా అక్క పిల్లల్ని తీసుకుని తిరుపతి నుంచి తూపిలిపాలెం బీచ్‌కి వెళ్లాం. తిరుపతంటే అందరికీ కొండే గుర్తొస్తుంది గానీ, 2022లో కొత్త జిల్లా అయ్యాక సముద్రం కూడా మన జిల్లాలోకే వచ్చింది. ఇసుకలో సగం పూడిపోయిన నైలాన్ వల ముక్క కనిపిస్తే లాగాను, రాలేదు, గట్టిగా లాగితే వేలు కోసుకుపోయింది. దాని కన్నుల్లో ఎండిపోయిన పీత ఒకటి. పక్కన వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన "తెగిన వల మళ్లీ దొరకదు సామీ, నీళ్లలోనే ఉండిపోద్ది" అన్నాడు.

అప్పట్నుంచి అమెరికా, కెనడా తూర్పు తీరాల్లో తిరిగే ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలే గుర్తొస్తున్నాయి. మిగిలినవి 400 లోపే! వాటి వేట 1930ల్లోనే ఆగింది, ఇప్పుడు చంపుతున్నవి ఢీకొట్టే ఓడలు, ఇంకా పీతలకీ లాబ్‌స్టర్లకీ (పెద్ద రొయ్యల్లాంటివి) సముద్రం అడుగున వేసే బుట్టల నుంచి పైకి కట్టిన తాళ్లు. తాడు నోట్లోంచి పోయి రెక్కకి చుట్టుకుందంటే, ఈదేకొద్దీ చర్మంలోకి దిగుతుంది, నెలల తరబడి ఆ బరువు లాక్కుంటూ బక్కచిక్కిపోతుంది, అలా చిక్కిపోయిన ఆడ తిమింగలం ఏళ్ల తరబడి పిల్లని కనలేదు.

దారి లేక కాదు. అమెరికా తూర్పు తీరంలో 2008 నుంచి కొన్ని చోట్ల, కొన్ని నెలలు పెద్ద ఓడలు 10 నాట్లు దాటకూడదు, అంటే గంటకి 18.5 కిలోమీటర్లు, మన ఘాట్ రోడ్డు బస్సు కన్నా నెమ్మది. నీళ్లలో తాడు వేలాడదీయక్కర్లేకుండా, సిగ్నల్ ఇస్తే అడుగు నుంచి పైకి తేలే బుట్టలూ వచ్చాయి. ఖరీదెక్కువ. ఆ ఖర్చు జాలర్ల నెత్తిన వేయడం అన్యాయం, ప్రభుత్వాలే భరించాలి.

ఆ వల ముక్కని తవ్వి డిక్కీలో వేసుకొచ్చాం. వచ్చే ఆదివారం రెండు గోతాలు పట్టుకుని మళ్లీ వెళ్తున్నాం.