పేర్లు వేరు, సర్వర్ ఒక్కటే: యూజ్‌నెట్ ప్రొవైడర్ల దగ్గర నా అనుభవం

రెండో అకౌంట్ కూడా వదిలేసి వచ్చి కూర్చున్నాను. కోపం చల్లారితే మర్యాదగా రాస్తానేమో అని భయమేసి ఇప్పుడే రాసేస్తున్నాను.

యూజ్‌నెట్ అంటే వెబ్ రాకముందు నుంచీ ఉన్న చర్చావేదికల వ్యవస్థ: ఒక్కో విషయానికి ఒక్కో న్యూస్‌గ్రూపు, పోస్టులు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు చేరుతుంటాయి. అది ఇంకా బతికే ఉందా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఉంది. 1979లో డ్యూక్ యూనివర్సిటీలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులకు తట్టిన ఆలోచన ఇది. లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ (తర్వాత లినక్స్ అయింది) గురించి మొదట చెప్పింది కాంప్.ఓఎస్.మినిక్స్ అనే న్యూస్‌గ్రూపులోనే. మొన్నమొన్నటి దాకా నాలాంటి వాళ్ళం గూగుల్ గ్రూప్స్‌తో సరిపెట్టుకున్నాం. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ యూజ్‌నెట్‌కు కొత్త పోస్టులు తీసుకోవడం, చూపించడం మానేసింది. పాతవి వెతుక్కోవచ్చు, అంతే. కాబట్టి సొంతంగా ఒక ప్రొవైడర్‌ను, అంటే డబ్బు తీసుకుని యూజ్‌నెట్ సర్వర్ వాడుకోనిచ్చే కంపెనీని, చూసుకోక తప్పలేదు.

నాకు కావలసింది ఎంతో కాదు. కాంప్.లాంగ్.సి, సై.మ్యాథ్ లాంటి నాలుగైదు టెక్స్ట్ గ్రూపులు చదవాలి, బుద్ధి పుట్టినప్పుడు ఒక జవాబు రాయాలి. ఒక్కో పోస్టు కొన్ని కిలోబైట్లు ఉంటే ఎక్కువ. కానీ ప్రొవైడర్ల ప్రకటనలు చూస్తే అన్‌లిమిటెడ్ డౌన్‌లోడ్, 50 కనెక్షన్లు, 5000 రోజులు దాటిన రిటెన్షన్ (పోస్టులు దాచి ఉంచే కాలం), ఉచితంగా వీపీఎన్... ఇవన్నీ బైనరీలు, అంటే టెక్స్ట్ కాని పెద్ద ఫైళ్ళు, దించుకునేవాళ్ళ కోసం. "టాప్ 10" అంటూ పోలిక పట్టికలు పెట్టేవాళ్ళను అసలు నమ్మకండి. మనం ఆ లింకు నొక్కి కొంటే వాళ్ళకు కమిషన్. అందులో పదో స్థానంలో ఉన్నదానికి కూడా నాలుగున్నర నక్షత్రాలు ఉన్నాయంటే అర్థం చేసుకోండి.

ఒక ప్రొవైడర్ దగ్గర అకౌంట్ తెరవడం, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో సర్వర్ పేరు, పోర్ట్ 563 పెట్టడం చకచకా అయిపోయాయి. (119 కూడా పనిచేస్తుంది కానీ అందులో పాస్‌వర్డ్ బట్టబయలుగా పోతుంది. 563 వాడండి.)

అసలు కథ ఇక్కడ మొదలు. ఒక చర్చ చదువుతున్నాను. ఒకాయన జవాబు రాశాడు. ఆయన కోట్ చేసిన వాక్యాలు కనిపిస్తున్నాయి, ఆ వాక్యాలు రాసిన అసలు పోస్టు మాత్రం లేదు. ఇంకొంచెం కిందికి వెళ్తే మరో రెండు జవాబులు గల్లంతు. పళ్ళూడిన దువ్వెనలా ఉంది ఆ థ్రెడ్. జవాబు హెడర్లలో (పోస్టు పైన ఉండే వివరాల్లో) రెఫరెన్సెస్ అనే వరుస ఉంటుంది, అది ఏ పోస్టుకు జవాబో ఆ పోస్టు మెసేజ్ ఐడీ, అంటే దానికి మాత్రమే ఉండే గుర్తు, అందులో దొరుకుతుంది. దాన్ని పట్టుకుని సర్వర్‌ను నేరుగా అడిగాను. 430 అంది. అంటే ఆ ఆర్టికల్ (పోస్టు) మా దగ్గర లేదు అని. ఇందులో సందేహానికి చోటే లేదు. మెసేజ్ ఐడీ సరిగ్గా ఇచ్చినప్పుడు 430 వచ్చిందంటే తప్పు నా ప్రోగ్రామ్‌ది కాదు.

సపోర్ట్‌కు ఇదంతా మెసేజ్ ఐడీలతో సహా వివరంగా రాశాను. క్యాష్ క్లియర్ చేయమన్నారు. చేశాను. కనెక్షన్ల సంఖ్య పెంచమన్నారు. లేని పోస్టును 50 కనెక్షన్లతో అడిగితే వస్తుందా? ఆ మాటే అడిగాను. దానికొచ్చిన జవాబు నాకు కంఠతా వచ్చేసింది: "కొత్త వాడుకరులకు యూజ్‌నెట్ మొదట్లో కొంచెం గందరగోళంగా ఉండటం సహజం." కింద ఒక బిగినర్స్ గైడ్ లింకు! టెర్మినల్‌లో కూర్చుని చేత్తో ఎన్‌ఎన్‌టీపీ (యూజ్‌నెట్ సర్వర్లతో మాట్లాడే ప్రోటోకాల్) కమాండ్లు కొట్టి, సర్వర్ ఇచ్చిన జవాబును అలాగే అతికించి పంపినవాణ్ణి నేను. ఆ గైడ్‌లో మొదటి వాక్యం "యూజ్‌నెట్ అంటే ఏమిటి?" చదివి కాసేపు లేచి అటూ ఇటూ తిరిగి వచ్చాను. చివరికి ఇంకో ఉద్యోగి దయతలిచి, టెక్స్ట్ గ్రూపులు ఈ రోజుల్లో పెద్దగా ఎవరూ చదవరు కదా అన్నాడు. డబ్బు తీసుకునేటప్పుడు ఆ మాట చెప్పలేదే?

సరే, ఇంకో ప్రొవైడర్ దగ్గర బ్లాక్ అకౌంట్ (నెలనెలా కట్టకుండా కొంత డేటా ఒకేసారి కొనుక్కునేది) కొన్నాను. ఇది వేరే పేరు, వేరే రంగు, వేరే దేశం చిరునామా. "మాది స్వతంత్ర నెట్‌వర్క్" అన్న ధ్వని పేజీ అంతటా. అదే చర్చ తెరిచాను. అవే పోస్టులు మాయం! మెసేజ్ ఐడీలు అడిగితే అవే 430లు.

అప్పుడు అనుమానం వచ్చింది. ఇది ఎవరైనా చేసుకోగల పరీక్ష, అందుకే వివరంగా చెబుతున్నాను. సర్వర్‌కు లాగిన్ అయ్యి గ్రూప్ అనే కమాండ్, పక్కన న్యూస్‌గ్రూప్ పేరు కొడితే 211తో మొదలయ్యే ఒక వరుస వస్తుంది. అందులో సుమారుగా ఎన్ని ఆర్టికల్స్ ఉన్నాయో, మొదటి నంబరు ఏదో, చివరి నంబరు ఏదో ఉంటాయి. ఈ నంబర్లు యూజ్‌నెట్ మొత్తానికీ ఒకటే కావు. పోస్టు తన దగ్గరికి వచ్చిన క్రమంలో ఏ సర్వర్‌కు ఆ సర్వర్ సొంతంగా వేసుకుంటుంది. సంబంధం లేని రెండు సర్వర్లలో అవి కలవడం జరగని పని. రెండు విండోలు పక్కపక్కన పెట్టి చూశాను. మూడు సంఖ్యలూ చివరి అంకె దాకా ఒక్కటే. వేరే గ్రూపుకు మారాను. మళ్ళీ అదే. పోస్టు ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో చూపే పాత్ హెడర్‌లో ఎడమ చివర పేరు మాత్రం మార్చారు, దాని వెనక వరస అంతా మక్కీకి మక్కీ.

ఏ రాయి అయితేనేం పళ్ళు ఊడగొట్టుకోవడానికి! ఈ రంగంలో సొంత బ్యాక్‌బోన్ (పోస్టులన్నీ నిల్వ చేసే సర్వర్ల వ్యవస్థ) నడిపేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. రోజుకు వందల టెరాబైట్లు వచ్చిపడే చోట అది అందరి వల్లా అయ్యే పని కాదు, నిజమే. మిగతావాళ్ళు వాళ్ళ సర్వర్లనే తమ పేరుతో అమ్మే రీసెల్లర్లు. అందులోనూ తప్పు లేదు. కానీ ఫలానా వాళ్ళ సర్వర్లే మేమూ ఇస్తున్నాం అని ఒక్క వాక్యం రాయడానికి ఏం పోయింది? ఆ మాటే రెండో కంపెనీని అడిగితే, మౌలిక వసతుల వివరాలు బయటపెట్టబోమన్నారు. నా దగ్గరున్న 211 వరుసలు రెండూ పంపాను. దానికి ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు.

రద్దు చేసుకోవడం ఇంకో తంతు. మొదటిచోట "క్యాన్సిల్" నొక్కితే సగం ధర ఆఫర్, అది కాదంటే కొన్నాళ్ళు ఆపుకోమని సలహా, అదీ కాదంటే కారణం రాయమని పెట్టె. నేను ఆ పెట్టె నిండా రాశాను. రెన్యువల్ తేదీకి ముందే రద్దు చేసి, రద్దయిందన్న మెయిల్ దాచుకోండి. ట్రయల్ పేరుతో కార్డు నంబరు అడిగేవాళ్ళ దగ్గర మరీ జాగ్రత్త.

ఇప్పుడు ఎటర్నల్ సెప్టెంబర్ అనే యూజ్‌నెట్ సర్వర్‌లో ఉన్నాను. రిజిస్టర్ చేసుకుంటే చాలు, ఉచితం. టెక్స్ట్ మాత్రమే, బైనరీలు ఉండవు. డబ్బు తీసుకున్నవాళ్ళ దగ్గర దొరకని ఆ పోస్టులు ఇక్కడ దొరికాయి. మరీ పాతవి కావాలంటే గూగుల్ ఆర్కైవ్ ఉండనే ఉంది. బైనరీలే కావాలనుకుంటే పెద్ద ప్లాన్ ఒకటి, దానికి తోడు వేరే బ్యాక్‌బోన్‌లో చిన్న బ్లాక్ ఒకటి తీసుకోండి. వేరేదో కాదో 211తో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి. రెండోచోట కొన్న బ్లాక్‌కు రీఫండ్ ఇవ్వరట. అందులో డేటాకు గడువు లేదని గొప్పగా రాశారు కాబట్టి అది అలాగే పడి ఉంటుంది.