ఆవిరే కదా అనుకున్నాను

మా నాయనమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకునేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అంగిట్లో పుండు ఎంతకీ మానకపోతే విశాఖపట్నం తీసుకెళ్లి, ముక్క తీసి పరీక్షకు పంపించారు. రిపోర్టు వచ్చేదాకా వారం రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. క్యాన్సర్ కాదన్నారు. కానీ అప్పట్నుంచి పొగ వాసన తగిలితే చాలు, నాకు కడుపులో తిప్పేది. ఇంజినీరింగ్‌లో చేరిన రెండేళ్ల దాకా సిగరెట్ ముట్టలేదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, వేప్ (నికోటిన్ కలిపిన ద్రవాన్ని బ్యాటరీతో ఆవిరి చేసి పీల్చే ఈ-సిగరెట్) వల్ల కుర్రాళ్లు సిగరెట్లలోకి దిగుతారా, లేక ఎలాగూ తాగేవాళ్లే ముందు వేప్ పట్టుకుంటారా అని చాలామంది వాదించుకుంటారు. నేను ఎలాగూ తాగేవాణ్ని కాదు.

2022లో, మూడో ఏడాది. హైదరాబాద్ శివార్లలో హాస్టల్. రూమ్మేట్ చేతిలో పెన్‌డ్రైవ్‌కి అన్నలా ఒక వస్తువు, గదంతా మామిడిపండు వాసన. "పొగ కాదు మామా, వట్టి ఆవిరి" అన్నాడు. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నిటినీ మన దేశంలో 2019లోనే నిషేధించారు. అయినా దొంగచాటుగా దొరికేవి. పీల్చాను. దగ్గు రాలేదు, గొంతు మండలేదు. వీటిలో చాలావాటికి, పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్‌ని బెంజోయిక్ ఆమ్లంతో కలిపి లవణంగా మారుస్తారని తర్వాత చదివాను. గాఢంగా ఉన్నా గొంతు పెద్దగా గీరదు. మొదటి సిగరెట్‌కి దగ్గొచ్చి అక్కడితో మానేసేవాళ్లు ఉంటారు. నాకు ఆ అడ్డం కూడా లేకపోయింది. పైగా సిగరెట్ అయితే కాలి ఆరిపోతుంది. ఇది దిండు కింద పెట్టుకుని, మెలకువ వచ్చినప్పుడల్లా పీల్చేవాణ్ని.

ఆరు నెలలకి, సరిగ్గా సెమిస్టర్ పరీక్షల ముందు, వేప్ అమ్మే అతని ఫోన్ స్విచాఫ్ అయింది. రెండు రోజులు తలనొప్పి, ఊరికే కోపం, పుస్తకంలో ఒకే లైను పదిసార్లు చదవడం. మూడో రాత్రి పదకొండింటికి గేటు బయట పాన్ డబ్బా దగ్గరికెళ్లి ఒక సిగరెట్ అడిగాను. పురికొసతో వేలాడదీసిన లైటర్ అందుకుంటే చెయ్యి వణికింది. దగ్గొచ్చింది. నాయనమ్మ గుర్తొచ్చింది. అయినా నాలుగో దమ్ముకి తలలో బరువు దిగిపోయింది. వేప్ కోసం ఎవరెవరినో బతిమాలాలి. సిగరెట్ విడిగా, ఏ సందు చివరైనా దొరుకుతుంది. ఫైనలియర్‌కి రోజుకు ఎనిమిదయ్యాయి.

అమెరికాలో జాతీయ సైన్స్ అకాడమీల నివేదిక 2018లోనే, ఈ-సిగరెట్లు వాడే కుర్రాళ్లు సిగరెట్ రుచి చూసే అవకాశం పెరుగుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయని చెప్పింది. అవతలి వాదన కూడా తీసిపారేసేది కాదు. అక్కడ 2019లో హైస్కూల్ పిల్లల్లో నూటికి 27 మందికి పైగా వేప్ వాడుతున్నా, సిగరెట్ తాగేవాళ్లు ఆరుగురి లోపే ఉన్నారు. సిగరెట్ తాగేవాళ్ల సంఖ్య తర్వాత ఇంకా తగ్గింది. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. మొత్తం లెక్క తగ్గొచ్చు. కానీ ఆ లెక్కలో నాలాంటివాడు ఒకడు కొత్తగా చేరాడు కదా. సిగరెట్ విడిగా అమ్మే మన వీధుల్లో ఆ దారి ఇంకా దగ్గర.

2024 ఫిబ్రవరిలో సిగరెట్ పెట్టె మీద ఉండే, పొగాకు మానడానికి సాయం చేసే నంబరు 1800-11-2356కి ఫోన్ చేశాను. తిడతారేమో అని టెన్షన్. ఒక మేడమ్ తెలుగులోనే మాట్లాడారు. "లేచాక ఎంతసేపటికి మొదటిది తాగుతారు?" అని అడిగారు. ఐదు నిమిషాల్లోపే అని చెప్పడానికి సిగ్గేసింది. వేప్ సంగతి కూడా చెప్పాను. మానెయ్యడానికి ఒక తేదీ పెట్టుకోమన్నారు. డాక్టర్‌ని అడిగి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ తెచ్చుకున్నాను. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే వెక్కిళ్లొచ్చాయి. నాలుగుసార్లు కొరికి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకుని ఆగాలట. మొదటి మూడు రోజులు నరకం. నాలుగో రోజు కాస్త నిద్ర పట్టింది. నెలన్నరకి ఒక పెళ్లిలో జారాను, రెండు తాగాను. తర్వాత మేడమ్ ఫోన్ చేసినప్పుడు అదీ చెప్పాను. "మళ్లీ ఈరోజు నుంచే లెక్క పెట్టుకుందాం" అన్నారు, అంతే.

మేలో ఊరెళ్లాను. అమ్మ సువర్ణరేఖ మామిడిపళ్లు కోస్తోంది. ఆ వాసనకి ఒక్కసారిగా చేతివేళ్లు ఆ వస్తువు కోసం జేబులో వెతికాయి. సిగరెట్ వాసనకి కూడా అంత లాగలేదు. వాకిట్లోకొచ్చి, గమ్ బుగ్గన పెట్టుకుని, గడియారం చూస్తూ నిలబడ్డాను. మూడు నిమిషాలు పట్టింది. మరో అరగంటకి గమ్ ఉమ్మేసి లోపలికెళ్లి, టెంక నాకిమ్మని అమ్మని అడిగాను.